బండి ఇన్సూరెన్స్ 3337 అన్నారు, 1860కి తేల్చాను: నాలుగు చోట్ల అడిగొచ్చాక నా రివ్యూ

అక్టోబర్ మొదటి వారంలో షోరూమ్ నుంచి వాట్సాప్ వచ్చింది, సార్ మీ హోండా యూనికార్న్ బైక్ ఇన్సూరెన్స్ ఈ నెల 24కి అయిపోతోంది, రెన్యువల్ 3337 రూపాయలు, లింక్ నొక్కి కట్టేయండి అని. నొక్కబోయి ఆగాను. ఎందుకంటే పోయినేడు ఇదే షోరూమ్‌లో ఇదే బండికి పద్దెనిమిది వందల లోపే కట్టాను. బండి ఇంకో ఏడాది పాతబడింది, ఒక్క క్లెయిమ్ కూడా లేదు, లెక్క ప్రకారం తగ్గాలి కదా, దాదాపు డబుల్ అవ్వడం ఏంటి?

ఫోన్ చేస్తే ఆ అమ్మాయి "రేట్లు పెరిగాయి సార్" అనేసింది. పెరగలేదు. అసలు సంగతి ఏంటంటే 2018 సెప్టెంబర్ నుంచి సుప్రీంకోర్టు ఆర్డర్ వల్ల కొత్త టూవీలర్ ఏది కొన్నా ఐదేళ్ళ థర్డ్ పార్టీ (మన బండి వల్ల అవతలివాళ్ళకి జరిగే నష్టానికి బీమా) ఒకేసారి కట్టించుకుంటున్నారు, నా బండి 2020 అక్టోబర్‌లో తీసుకున్నా కాబట్టి ఆ ఐదేళ్ళూ ఇప్పుడు అయిపోయాయి. ఇన్నాళ్ళూ ఏటా కట్టింది ఓన్ డ్యామేజీ (మన సొంత బండికి జరిగే నష్టానికి బీమా) ముక్క, దానికి తగిలించినవే, ఇప్పుడు థర్డ్ పార్టీ కూడా వచ్చి నెత్తిన కూర్చుంది. కొత్త బండి కొని ఐదేళ్ళు నిండేవాళ్ళందరికీ ఇదే షాక్ తగులుద్ది, రెడీగా ఉండండి. ఆ అమ్మాయిని కూడా ఏమనలేం, పాపం రోజుకి వందమందికి అదే డైలాగ్ చెప్పాలి.

సరే, బ్రేకప్ పంపించండి అన్నా. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, టోటల్ చూసి బేరం ఆడతారు. పీడీఎఫ్ వచ్చాక కూర్చుని చూస్తే ఇలా ఉంది: థర్డ్ పార్టీ 1366, ఓన్ డ్యామేజీ 832 లో ఎన్‌సీబీ (క్లెయిమ్ పెట్టనందుకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్) 45 శాతం తీసేసి 458, జీరో డెప్ (పార్టుల రేట్లో తరుగుదల కొయ్యకుండా ఇచ్చేది) 410, రోడ్ సైడ్ అసిస్టెన్స్ 149, వెనక కూర్చున్నవాళ్ళ ప్రమాద బీమా 70, నా ప్రమాద బీమా 375. మొత్తం 2828, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 3337.

దీంట్లో ఆ 1366 ఉంది చూశారా, అది ఎవడూ తగ్గించలేడు. షోరూమ్ వాడు కాదు కదా కంపెనీ చైర్మన్ మీ మేనమామ అయినా తగ్గదు, ఆ రేటు కంపెనీలు పెట్టేది కాదు, గవర్నమెంటు నోటిఫై చేసేది. 2022 జూన్ 1 నుంచి ఇవే నడుస్తున్నాయి: 75 సీసీ లోపు 538, అది దాటి 150 దాకా 714, 150 దాటి 350 దాకా 1366, 350 పైన 2804, వీటి మీద జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబర్ 22న ఇన్సూరెన్స్ మీద జీఎస్టీ ఎత్తేశారు కదా అని మా ఆఫీసులో ఇద్దరు నాతో వాదించారు, అది హెల్త్, లైఫ్ పాలసీలకి బాబూ, అది కూడా మనం వ్యక్తిగతంగా తీసుకునేవాటికి. బండికి 18 అలాగే ఉంది.

నాకు ఇప్పుడు మండేది ఇంకోటి. యూనికార్న్ 162 సీసీ. ఒక్క పన్నెండు సీసీ ఎక్కువైనందుకు పైస్లాబులో పడ్డాను. అదే 149 సీసీ పల్సర్ 150 తీసుకునుంటే 714, జీఎస్టీతో 843. నాకు 1612. అంటే బండి ఉన్నన్నాళ్ళూ ఏటా 769 రూపాయలు ఆ పన్నెండు సీసీకి కడుతూ ఉండాలి. కొనేటప్పుడు మైలేజీ అడిగాం, సీటు ఎత్తు చూశాం, ఇది ఒక్కడూ చెప్పలేదు. కొత్త బండి చూస్తున్నవాళ్ళు ఈ లైన్ గుర్తుపెట్టుకోండి. ఎలక్ట్రిక్ బండికి థర్డ్ పార్టీలో 15 శాతం తగ్గింపు ఉంది, మా ఎదురింటాయన దాని గురించి రోజూ చెప్తాడు.

సరే, తగ్గేది ఏదైనా ఉంటే అది మిగతా ముక్కల్లోనే ఉంది. ఆ మిగతా ముక్కలు పట్టుకుని నాలుగు చోట్ల తిరిగాను.

మొదటిది షోరూమ్ కౌంటర్, బ్రోడీపేట నుంచి ఆఫీసుకి వెళ్తూ ఆగా. ముందు ఎన్‌సీబీ అడిగా. ఐదేళ్ళు క్లెయిమ్ లేదు, 50 శాతం రావాలి, 45 వేశారేంటి అంటే ఆ అమ్మాయి సిస్టమ్ చూసి, పోయినేడు పాలసీలో 45 ఉంది సార్ అదే వచ్చేసింది అంది. ఎన్‌సీబీ వరస 20, 25, 35, 45, 50 అని ఏడాదికో మెట్టు ఎక్కుద్ది, పాత పాలసీలో ఉన్న నంబర్ కాదు దాని తర్వాతి నంబర్ వెయ్యాలి. మార్చింది. తగ్గింది ఎంతా, నలభై రెండు రూపాయలు. ఆ మాత్రం దానికి అంత సేపు నిలబెట్టానని వెనకాయన నా వంక చూసిన చూపు ఉంది చూడండి.

జీరో డెప్ తియ్యమంటే మాత్రం అస్సలు ఒప్పుకోలేదు, "సార్ యాక్సిడెంట్ అయితే ప్లాస్టిక్ పార్ట్స్‌కి సగమే వస్తాయి" అంది. అది నిజమే, ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ లాంటివాటికి 50 శాతం తరుగుదల తీసేసి ఇస్తారు, ఫైబర్‌కి 30, ఇనుప సామానుకి బండి వయసుని బట్టి. కొత్త బండికి, అందునా ఒంటినిండా ఫెయిరింగ్ ఉన్న బండికి మొదటి రెండు మూడేళ్ళు జీరో డెప్ ఉండాల్సిందే, దాంట్లో పీనాసితనం వద్దు. కానీ నా యూనికార్న్‌కి ప్లాస్టిక్ అంటే ఏముంది, హెడ్‌లైట్ వైజర్, రెండు సైడ్ ప్యానెళ్ళు, వెనక తోక. దానికోసం ఏటా 410 ప్లస్ జీఎస్టీ. వద్దన్నా. రోడ్ సైడ్ అసిస్టెన్స్ కూడా వద్దన్నా, నేను గుంటూరు నుంచి మహా అయితే తెనాలి వెళ్తా, పంక్చర్ అయితే ఎదురుగా కనపడేవాడే దిక్కు. నెలకోసారి శ్రీశైలం వెళ్ళే బ్యాచ్ అయితే పెట్టుకోండి, 149కి తప్పులేదు.

ఇన్ని తీయించినా అక్కడ ఓన్ డ్యామేజీ రేటు మాత్రం తగ్గలేదు. ఫిక్స్‌డ్ సార్ అన్నారు. ఫిక్స్‌డ్ ఏమీ కాదు, థర్డ్ పార్టీ లాగా కాకుండా ఇది ఏ కంపెనీ ఎంత డిస్కౌంట్ ఇచ్చుకుంటే అంత. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే చెయ్యాలని రూలూ లేదు, లోను ఉన్నా సరే. షోరూమ్‌కి నేనిచ్చేది ఐదులో రెండు. ఆ రెండైనా ఎందుకంటే, నిజంగా బండి గుద్దుకున్నప్పుడు అదే షోరూమ్ సర్వీసింగ్‌లో క్యాష్‌లెస్ పని (బిల్లు కంపెనీయే నేరుగా కట్టేది) తిప్పలు లేకుండా అవుద్ది.

రెండోది ఫోన్లు. అన్ని కంపెనీల రేట్లూ ఒకేచోట చూపించే ఒక అగ్రిగేటర్ సైట్లో నంబర్ కొట్టి రేటు చూశా, అంతే, ఆ సాయంత్రం నుంచి రోజుకి ఏడెనిమిది కాల్స్. ఒకతను హిందీలో మొదలుపెట్టి నేను తెలుగు అంటే వెంటనే తెలుగులోకి దిగిపోయాడు, అది మెచ్చుకోవాలి. "సార్ మీ ఏపీ 39 బండికి 1690కే ఇస్తాను, ఇప్పుడే కడితేనే" అన్నాడు. 1612 థర్డ్ పార్టీకే పోతే మిగిలిన 78లో మొత్తం బండికి కవరేజీ ఎలా ఇస్తావయ్యా అంటే, మాట్లాడకుండా ఒక్క క్షణం ఆగి "అది థర్డ్ పార్టీ ప్లాన్ సార్, పీఏ పార్షియల్" అన్నాడు. పీఏ అంటే ఓనర్ ప్రమాద బీమా, ఆ పార్షియల్ ఏంటో మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు, ఆయనకి కూడా తెలియదనుకుంటా. సున్నా.

మూడోది ఆర్టీవో ఆఫీసు బయట టేబుల్ వేసుకుని కూర్చునే ఏజెంటు బాబాయ్. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి.

నాన్నది 2012 స్ప్లెండర్, ఏపీ 07, అమ్మితే పద్దెనిమిది వేలు వస్తే గొప్ప. దానికి థర్డ్ పార్టీ ఒక్కటే చాలని ఎప్పట్నుంచో ఆ బాబాయ్ దగ్గరే చేయిస్తాం. ఆయన 900 తీసుకుంటాడు. 714 ప్లస్ జీఎస్టీ 843, మిగిలిన 57 ఆయన కూలి. నాకు ఏ అభ్యంతరం లేదు, నాన్నకి ఫోన్లో ఓటీపీలూ గీటీపీలూ రావు, ఆయన చేసిపెడతాడు, అయిపోయే వారం ముందు గుర్తుచేస్తాడు. బండి నంబర్ రవాణా శాఖ పరివాహన్ సైట్లో కొట్టి చూసుకున్నా, పాలసీ నిజమైనదే.

కానీ అదే చెట్టు కింద పక్క టేబుల్ అతను "ఐదొందలకి చేస్తా రా అన్నా" అని పిలుస్తాడు. ఇప్పుడు పైన చెప్పిన లెక్క చూడండి, 100 సీసీ బండికి 843కి తక్కువ ఏ కంపెనీ అయినా ఇవ్వలేదు. ఇవ్వలేనిది వీడెలా ఇస్తాడు? కంప్యూటర్లో పాత పాలసీ తీసి పేరు, తారీఖు మార్చి ప్రింటు కొడతాడు, అంతే. పోలీసాయన యాప్‌లో బండి నంబర్ కొట్టగానే ఇన్సూరెన్స్ లేదు అని వచ్చుద్ది, మొదటిసారి 2000 ఫైను, రెండోసారి 4000. ఫైనుతో పోతే అదృష్టం. మన బండి ఎవరికైనా తగిలి వాళ్ళు కోర్టుకెళ్తే ఆ లక్షలు మన ఇంట్లోంచి పోవాలి.

ఇంకో రకం చవక కూడా ఉంది, అది నకిలీ కాదు, అందుకే ఇంకా ప్రమాదం. మా బావమరిది నరసరావుపేటలో సెకండ్‌హ్యాండ్ పల్సర్ కొన్నాడు. ఆర్సీ పేరు మార్పించుకున్నాడు గానీ ఇన్సూరెన్స్ మార్చలేదు, అమ్మినాయన పేరు మీదే ఉంది, పద్నాలుగు రోజుల్లో మార్చుకోవాలన్న సంగతే వాడికి తెలీదు. రెన్యువల్‌కి వేరే ఏజెంటు దగ్గరికెళ్తే ఆయన 50 శాతం ఎన్‌సీబీ టిక్ కొట్టి మూడొందలు తగ్గించి ఇచ్చాడు, వీడు సంబరపడిపోయి నాకు ఫోన్ చేసి "బావా నీకంటే నేనే తక్కువకి కొట్టా" అన్నాడు. ఎన్‌సీబీ బండికి కాదు, మనిషికి. అమ్మినాయన ఎన్‌సీబీ ఆయనతోనే పోద్ది, కావాలంటే ఆయన కొత్త బండికి వాడుకుంటాడు. ఆర్నెల్ల తర్వాత చిలకలూరిపేట రోడ్డులో ట్రాక్టర్ ట్రాలీ వెనక గుద్దుకుని ఫోర్క్ వంగిపోయి ట్యాంకు నొక్కుకుపోయి 14 వేల బిల్లు అయింది. క్లెయిమ్ పెడితే కంపెనీ వాళ్ళు పాత కంపెనీకి మెయిల్ పెట్టి ఎన్‌సీబీ కనుక్కున్నారు, తప్పు డిక్లరేషన్ అని రిజెక్ట్ చేశారు. ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, మన రెండు రాష్ట్రాలకీ అదే, అక్కడికి వెళ్దామా బావా అన్నాడు. ఏమని వెళ్తాం, సంతకం నీదే కదా అన్నా. మూడొందలకి పద్నాలుగు వేలు.

బాబాయ్‌కి మూడున్నర. పక్క టేబుల్‌కి దూరంగా ఉండండి.

నాలుగోది ఆన్‌లైన్, కంపెనీ సొంత యాప్‌లోనే చేశా. బండి నంబర్ కొట్టగానే పాత పాలసీ వివరాలన్నీ వచ్చేశాయి, ఐదు నిమిషాల పని. మొదట కనిపించిన రేటు 1795. అబ్బో అనుకున్నా. తర్వాత చూస్తే ఐడీవీ, అంటే బండి పోతే వాళ్ళిచ్చే మొత్తం, 31 వేలకి దించి పెట్టారు. షోరూమ్ కొటేషన్‌లో 45 వేలు. ఇదే ట్రిక్కు, అందరి యాప్‌ల్లోనూ ఉంది, తక్కువ ఐడీవీ పెడితే లిస్టులో పైన కనపడొచ్చు కదా. ఐదేళ్ళ లోపు బండికి ఐడీవీకి ఒక లెక్క ఉంది, రెండో ఏడు నడుస్తుంటే 20 శాతం తరుగు, మూడో ఏడు 30, తర్వాత 40, 50 అలా. ఐదేళ్ళు దాటాక మాత్రం కంపెనీ, మనం కలిసి ఒప్పుకున్నంత. అందుకే పాత బండ్లకి ఈ ఆట ఎక్కువ.

నేను దాన్ని 42 వేలకి జరిపా, ఆ కంపెనీ అంతకంటే పైకి పోనివ్వలేదు. ఓన్ డ్యామేజీ 155 నుంచి 210 అయింది. యాభై ఐదు రూపాయలు, జీఎస్టీతో అరవై ఐదు. బండి దొంగలెత్తుకుపోతే 11 వేల తేడా. ఇక్కడ కక్కుర్తి పడటంలో అర్థం లేదు.

కింద నాలుగు యాడ్ ఆన్‌లు (జీరో డెప్ లాంటి అదనపు కవర్లు) ముందే టిక్ కొట్టి ఉన్నాయి, అన్నీ తీసేశా, ఒకటి తీస్తే "మీరు నిజంగా ఖాయమేనా" అని ఎర్ర బొమ్మ ఒకటి ఏడుస్తూ వస్తది. వాలంటరీ డిడక్టిబుల్ అని ఒకటి ఉంది, క్లెయిమ్‌లో మొదటి 3000 నేనే పెట్టుకుంటా అని ఒప్పుకుంటే తగ్గిస్తారు. నొక్కి చూశా, యాభై రూపాయలు చిల్లర తగ్గింది. యాభైకి మూడు వేలు నా నెత్తిన పెట్టుకోనా, తీసేశా. ఎంత పెద్ద టూవీలర్‌కైనా పాత టారిఫ్‌లో (రేట్ల పట్టీలో) ఈ తగ్గింపుకి 250 సీలింగు. అలారం లాక్ పెడితే డిస్కౌంట్ అని నెట్‌లో అందరూ రాస్తారు, అది ఓన్ డ్యామేజీలో రెండున్నర శాతం, అంటే నా 210లో ఐదు రూపాయలు.

అసలు డబ్బు మిగిలింది పీఏలో. ఓనర్‌కి 15 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి, ఇది బండికి కాదు మనిషికి. మీకు విడిగా 15 లక్షలకి తగ్గని పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే ఆ డిక్లరేషన్ ఇచ్చి దీన్ని తీసేయొచ్చు, 2019 జనవరి నుంచి ఉంది ఈ వెసులుబాటు. నాకు అలాంటి పాలసీ నాలుగేళ్ళ నుంచి ఉంది, అయినా ప్రతి ఏడూ షోరూమ్‌లో 375 కడుతూనే ఉన్నా, ఎవరూ అడగలేదు నేనూ చూడలేదు. ఒకే పేరు మీద రెండు బండ్లుంటే కూడా ఒక్కసారి కడితే చాలు, రెండో దానికి అక్కర్లేదు. మా ఇంట్లో యాక్టివా మా ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి ఆమెది ఆమెకి కట్టాల్సిందే. బ్యాంకులో 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్ష బీమా ఉంది కదా సరిపోద్ది అనుకోకండి, అది 2 లక్షలే. విడి పాలసీ లేనివాళ్ళు మాత్రం ఈ 375 దగ్గర కత్తెర పెట్టొద్దు, ఇంట్లో సంపాదించేవాడు ఒక్కడే అయితే మొత్తం కాగితంలో పనికొచ్చే లైన్ అదే.

చివరికి 1366 ప్లస్ 210, జీఎస్టీతో 1860. షోరూమ్ చెప్పినదానికంటే 1477 తక్కువ, వాళ్ళిచ్చిన దాంట్లో నేను నిజంగా వాడుకునేవి ఏవీ పోలేదు, ఐడీవీ ఒక్కటి మూడు వేలు తగ్గింది.

కంప్లైంట్ ఏంటంటే ఆ కంపెనీకి మా ఊళ్ళో క్యాష్‌లెస్ గ్యారేజీలు వెతికితే మూడే వచ్చాయి, అందులో ఒకటి మూసేశారు, నేను వెళ్ళి చూసొచ్చా, ఇప్పుడక్కడ టిఫిన్ సెంటర్ ఉంది. కట్టేముందే పిన్‌కోడ్ కొట్టి ఇది చూసుకోవాలి. అందుకే నాలుగు ఇవ్వాల్సింది మూడున్నర ఇస్తున్నా.

క్లెయిమ్ గురించి నన్ను ఆఫీసులో అడుగుతుంటారు, అద్దం పగిలింది, బ్రేక్ లివర్ విరిగింది పెట్టమంటావా అని. నా బండి లెక్క చెప్తా. 50 శాతం ఎన్‌సీబీ ఉన్నప్పుడు ఒక క్లెయిమ్ పెడితే సున్నాకి పడిపోయి మళ్ళీ మెట్లెక్కేసరికి ఐదేళ్ళు పడుద్ది, ఆ ఐదేళ్ళలో పోయేది అంతా కలిపితే షోరూమ్ వేసిన 832 మీద 125 శాతం, సుమారు 1040. కాబట్టి వెయ్యీ పదిహేనొందల పని జేబులోంచి చేయించుకోండి. కానీ ఎనిమిది వేలో పది వేలో అయితే ఎన్‌సీబీ పోద్దని ఆలోచించొద్దు, పెట్టేయండి, కొంతమంది దాన్నేదో పూర్వీకుల ఆస్తిలా కాపాడుకుంటారు. అది నిజంగా పోగొట్టుకునేది బద్ధకంతో, పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే మొత్తం పోద్ది, పైగా మళ్ళీ చేయించాలంటే బండి చుట్టూ వీడియో తీసి పంపమనొచ్చు.

జనవరిలో మా ఆవిడ యాక్టివా ఉంది, దానికి కూడా ఇలాగే చేస్తా. నా పాలసీ డిజీలాకర్‌లో వచ్చేసింది, పోలీసులకి ఫోన్లో చూపిస్తే సరిపోద్ది. అది చెప్పినా వినకుండా నాన్న దాన్ని కలర్ ప్రింట్ తీయించి ల్యామినేషన్ చేయించి నా సీటు కింద పెట్టాడు, నలభై రూపాయలు అయిందంట, నన్నడిగి తీసుకున్నాడు.